జపాను బొమ్మకథలలో వంటయిల్లు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో భారతమునో భాగవతమునో ముచ్చటింపక బొమ్మకథలను గూర్చి, అందునను వంటకథలను గూర్చి మాటాడుట యేమని పెద్దలు కొందరు ముక్కుపై వ్రేలు వేసికొనవచ్చును. బొమ్మల పుస్తకము పిల్లల సొమ్మనియు, వంట ఆడవారి పని యనియు, ఈ రెండును గ్రంథాలయపు బీరువాలో చోటడుగదగినంతటివి కావనియు మనలో ఒక తలపు పాతుకొని యున్నది. ఆ తలపు రెండు విధములను సరికాదని జపాను దేశమువారు చేసి చూపినారు. వారికంటె ఎన్నో శతాబ్దముల ముందే మన కవులును చూపియుండిరి. వారి మాట మనము పద్యముగా వల్లించితిమే గాని వంటగా చూడలేదు.

జపాను భాషలో బొమ్మలతో నడచు కథను మాంగా యందురు. మనకు 1947లో చందమామ పుట్టి, పిల్లలకని వచ్చిన పత్రికను ఇంటిల్లిపాదియు చదివిన రోజులు మీలో పెద్దలకు జ్ఞప్తి యుండును. జపానులో ఆ అలవాటు బాల్యముతో ఆగిపోదు. అచ్చట కచ్చేరీ గుమాస్తాకు వేరు బొమ్మపత్రిక, గృహిణికి వేరు, బడిపిల్లవానికి వేరు. పుస్తకము కుడినుండి యెడమకు సాగును గనుక మన చివరి అట్ట వారికి మొదటి అట్ట. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, పుస్తకము కొనలేని బీదలకు స్వల్ప బాడుగకు పుస్తకములిచ్చు అంగళ్ళు ఆ దేశమున విరివిగా వెలసినవి. వానిని కషిహోన్ అంగళ్ళందురు. బొమ్మకథలు గీయువారిలో పలువురు ఆ బాడుగ పుస్తకములకు వ్రాసియే చేయి తిప్పుకొన్నారు. ఎరవు పుస్తకముల నీడనే ఈ విద్య కొంత పెరిగినదన్నమాట. గ్రంథాలయ చందాదారులు ఈ సంగతి విని సంతోషింపవచ్చును.

ఆ బొమ్మకథలలో వంటకథలు ఒక శాఖ. 1973లో ‘హోచోనిన్ అజిహెయ్’ అను కథ బాలుర పత్రికలో ఆరంభమైనది. పేరుపడిన వంటవాని కొడుకు, తండ్రివలె శ్రీమంతులకు వండక, సామాన్యులు తిను తిండి వండుదునని బయలుదేరుట అందలి యితివృత్తము. అటు తరువాత ఈ శాఖ కొమ్మలు వేసి పెద్ద వృక్షమైనది. వానినన్నిటిని చెప్పుట యీ పూటకు సాధ్యము గాదు, అన్నియు చెప్పదగినవియు గావు. పెక్కు కథలు వంటపందెములు. ఒకడు వండును, వేరొకడు వండును, న్యాయనిర్ణేత నాలుకపై పెట్టుకొని మూర్ఛపోవును. 2012 మొదలు 2019 వరకు నడచిన ‘షోకుగెకి నో సోమ’ అను కథలో ముద్ద నోట పెట్టినవాడు ఆకాశమున తేలిపోవును, వాని బట్టలు ఎగిరిపోవును. చూచి నవ్వవచ్చును. కాని మన శ్రీనాథుడు శృంగారనైషధమున పెండ్లి విందు వర్ణించుచు, పుల్లపెరుగు కలిపిన ఆవపచ్చడి ఘాటు ముక్కుకెక్కి భోక్తలు పడిన పాటు చెప్పలేదా? అతిశయోక్తి ఒక దేశపు సొత్తు కాదు. ఆవ పెట్టిన కూర తిని పెరిగిన ఉత్తరాంధ్రులకు ఆ పద్యమునకు వ్యాఖ్యానము అక్కరలేదు.

అతిశయోక్తిని దాటి, వంటను మనిషిని తెలిసికొను సాధనముగా చేసిన కథలు విలువైనవి. ఈ ఊహ మనకు క్రొత్తది కాదు. నలుడు వికృతరూపుడై, బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున చేరెను. ఎదుట నిలిచినను అతనిని గుర్తింప వీలు లేదు. దమయంతి చెలికత్తెను పంపి, అతడు వండిన వంటకము తెప్పించి రుచి చూచి, ఇది నలుని చేతివంటయే యని నిశ్చయించుకొనెను. కన్ను మోసపోయినచోట నాలుక మోసపోలేదు. రాజుగా పోగొట్టుకొన్న పేరును వంటవాడుగా తిరిగి పొందినవాడు నలుడు. జపాను వంటకథలలో ఉత్తమమైనవాని కీలకమంతయు ఈ యొక్క ఘట్టమున ఇమిడియున్నది.

ఆ ఉత్తమ కథలలో అగ్రతాంబూలము ‘ఓయిషింబో’ది. రుచియైనది అను మాటను, తిండిపోతు అను మాటను కలిపి చేసిన చమత్కారపు పేరది. రచన తెత్సు కరియ, చిత్రములు అకిర హనసకి. 1983లో ఆరంభమై నూటికి పైగా సంపుటములుగా సాగినది. కథ చిక్కులేనిదే. ఒక వార్తాపత్రిక తన శతవార్షికోత్సవమునకు, రాబోవు తరములకు అప్పగింపదగిన ‘పరమ భోజనపట్టిక’ యొకటి తయారు చేయ సంకల్పించును. ఉత్సవమునకు శిలాఫలకము వేయక భోజనపట్టిక వేయ దలచినారు. ఆ పని చేయదగినవారెవరని పత్రికలోని ఉద్యోగులకు పరీక్ష పెట్టుదురు. పరీక్షలో పంచభక్ష్యములు లేవు. వేర్వేరు తావుల నుండి తెచ్చిన నీళ్ళు, వేర్వేరు చోట్ల చేసిన తోఫు అను సోయాజున్ను ముక్కలు, ఇంతే. ఏది యెచ్చటిదో చెప్పవలెను. అందరు తప్పిరి. ఎప్పుడును కునికిపాట్లు పడు యమఓక షిరో అను సోమరియు, కురిత యూకో అను క్రొత్తగా చేరిన పడుచును మాత్రమే చెప్పగలిగిరి.

నీరు, సోయాజున్ను. రెండును రుచి లేనివని లోకులనుకొనునవి. రుచి యున్నదని చెప్పుటకే కవి ఆ రెంటిని మొదట నిలిపినాడు. ఇచ్చట నౌపడవారు చెవి యొగ్గి వినదగిన సంగతి యొకటి కలదు.

సోయాజున్ను చేయు విధమిది. సోయాగింజలను రాత్రి నానవైచి, మెత్తగా రుబ్బి, కాచి, గుడ్డలో వడియగట్టి పాలు తీయుదురు. మనము ఆవుపాలలో నిమ్మరసము పిండి విరిచినట్లు, ఆ పాలను విరుచుటకు వారు వాడు ద్రవమునకు నిగరి యని పేరు. నిగరి యనగా నేమి? సముద్రజలము నుండి ఉప్పు తీసిన తరువాత మిగులు చేదునీరు. మన మడులలో ఉప్పు కట్టిన పిమ్మట పనికిరాదని వదలివేయు నీరది.

మన ఊరి పెద్దలకు ఈ వరుస తెలియనిది కాదు. సముద్రపు నీటిని కాలువల ద్వారా మడులకు మళ్ళించి ఎండకు చిక్కబరతురు. బామే కొలత గాజుబుడ్డితో చూచినచో సముద్రజలము సుమారు 3 డిగ్రీలు. నడుమ సున్నపు జాతి ద్రవ్యములు ముందుగా అడుగంటును. 25 డిగ్రీల దాపున తెల్లని ఉప్పు కట్ట నారంభించును. 30 దగ్గరపడినకొలది మెగ్నీషియపు లవణములు పెరిగి చేదెక్కును. ఆ సమయమున నీరు తీసివేయనిచో ఉప్పంతయు చేదగును. గాజుబుడ్డి లేకయే, నీటి రంగు చూచి, వ్రేలితో తాకి, ఇక తీయవలెనని చెప్పగల మడికూలీని ఏమనవలెను? ఓయిషింబోలోని పరీక్షలో అతడు నిలిచియుండెడివాడు. ఇంతమాత్రమున మడిగట్టు మీది నీరు తెచ్చి పాలలో పోయుడని దీని యర్థము గాదు, శుద్ధి చేయక వాడదగినది కాదది. మనము పారబోయునది వేరొక దేశమున నిత్యభోజనమునకు మూలద్రవ్యమైనదని మాత్రమే చెప్పవలసినది.

జపాను ఉప్పుకథ కూడ వినదగినదే. రష్యాతో యుద్ధము చేసిన కాలమున, 1905లో, ఖజానా నిమిత్తము అచ్చటి ప్రభుత్వము ఉప్పును తన గుత్తకు తీసికొనెను. ఉప్పుపన్ను బాధ 1947 వరకు మనమును పడినవారమే. అచ్చట వానలు మెండు గనుక మన యెండవలె సూర్యుడొక్కడే పని పూర్తి చేయలేడు. నోతో అను ద్వీపకల్పమున సముద్రపు నీటిని ఇసుకపై చల్లి, ఎండిన యిసుకను తిరిగి నీటితో కడిగి, ఆ చిక్కని నీటిని పెద్ద కడాయిలో కాచుదురు. 1971లో అచ్చటి ప్రభుత్వము చట్టము చేసి, విద్యుచ్ఛక్తితో పొరలగుండ ఉప్పును వేరుచేయు యంత్రశాలలకే ఆ పని ఒప్పగించగా, ఏడాది తిరుగునప్పటికి తరతరముల ఉప్పుమడులు దాదాపు అన్నియు మూతపడినవి. నోతోలో లేశమాత్రము మిగిలినది. యంత్రపు ఉప్పు శుద్ధమైనదే, చౌకయైనదే. కాని జనులలో కొందరకు పాతరుచి కావలసివచ్చి దానికై ఉద్యమించిరి. గుత్తాధికారము 1997లో తొలగినది. అప్పటికి పాతికేండ్లు గడచినవి. చేయి తిరిగిన పనివారు ఎందరు మిగిలియుందురు?

ఓయిషింబో ఇటువంటి కాలమున పుట్టిన కథ. అందుచేతనే దానిలో వంటకన్న సరకుల విచారణ ఎక్కువ. ఈ బియ్యము ఎవరు పండించిరి, ఈ చేప ఏ నీటిది, ఈ కాయగూరకు ఏ మందు చల్లిరి అని నాయకుడు అడుగుచునే యుండును. వానికి ప్రతికక్షి ఎవరనుకొన్నారు? కన్నతండ్రి. కైబర యూజన్ అను ఆ తండ్రి కుండలు చేయు మహాశిల్పి, భోజనరసికుడు, క్రూరుడు. వంటలో లోపమున్నచో భార్యనైన మన్నింపని ఆ కఠినుని చూచి కొడుకు ఇల్లు విడిచి వచ్చినవాడు. నూరు సంపుటముల పొడుగున తండ్రీకొడుకులు వంటకములతోనే పోరాడుదురు. నాలుక నేర్పినవాడే శత్రువైనప్పుడు ఆ నాలుకను ఎచ్చట దాచుకొనుట? పందెములన్నిటి అడుగున నున్న వేదన యిది.

ఈ కథకు వచ్చిన తగవు కూడ దాచవలసినది కాదు. 2011లో ఫుకుషిమా అణువిద్యుత్కేంద్రమున ఘోరప్రమాదము జరిగెను. 2014లో ఓయిషింబో నాయకుడు ఆ సీమకు పోయివచ్చిన తరువాత ముక్కునుండి రక్తము కారినట్లు బొమ్మ వేసిరి. ఫుకుషిమా అధికారులు, ప్రభుత్వము, అచ్చటి రైతులు నొచ్చుకొని నిరసించిరి. పత్రిక పలువురి అభిప్రాయములు ప్రకటించెను. అటు పిమ్మట కథ ఆగినది. రచయిత సత్యమును నమ్మియే వ్రాసినాడనుకొన్నను, నిలువరింపని సంగతిని బొమ్మ వేసి చూపుటచేత ఆ నేలపై పండించుకొని బ్రతుకువారి ధాన్యమునకు మచ్చ పడును. తిండిని గూర్చి వ్రాయువాని కలమునకు వైద్యుని కత్తికున్నంత పదును కలదు. ఈ విషయమున రచయిత పొరబడినాడనియే తోచుచున్నది. కాని వంటకథ ఒక దేశపు ప్రధానమంత్రి చేతను మాట పలికింపగలిగినదన్న సంగతి చిన్నది కాదు.

ఇక వేరొక తీరు. 1985లో ఆరంభమైన ‘కుకింగ్ పాపా’ అను కథను తోచి ఉయెయమ రచించి చిత్రించినాడు. దానిలో నాయకుడు ఒక కంపెనీ ఉద్యోగి. గడ్డపార వంటి శరీరము. భార్య పత్రికావిలేఖరి గనుక ఇంటివంట అతడే చేయును. మగవాడు వంట చేయుట కచ్చేరీలో తెలిసినచో నవ్వుదురని మొదట దాచును. పరుల యెదుట ఇది భార్య చేసినదని చెప్పును. మన వీధులలోను పెండ్లి వంటకు మగవారే గరిటె పట్టుదురు, విరాటుని కొలువున వలలుడై భీముడు పట్టినాడు, ఇంట మాత్రము సిగ్గు! ఈ కథలో మెచ్చదగినది మరియొకటి కలదు. ప్రతి ప్రకరణమునను ఒక వంటకము కొలతలతో సహా ఇచ్చియుందురు. మనవారిని ఉప్పెంత యని యడిగిన ‘తగినంత’ అందురు. తగినంత అను కొలత అవ్వ బ్రతికియున్నంతవరకే చెల్లును.

పూటకూటి కథలును కలవు. క్రీడాభిరామమున గోవిందమంచన శర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వీధులు తిరిగి, ఒక రూక యిచ్చి పూటకూళ్ళ యింట సుష్ఠుగా భుజించిన ఘట్టము సాహిత్యాభిమానులకు తెలిసినదే. కాకతీయుల కోట యెట్లుండెనో చెప్పు గ్రంథములు పెక్కు కలవు. ఓరుగంటిలో ఒక రూకకు విస్తరిలో ఏమి వడ్డించిరో చెప్పినది ఆ చిన్న పొత్తమే. మన విజయనగరమున 1892లో తొలిసారి ఆడిన కన్యాశుల్కములో గురజాడ వారు పూటకూళ్ళమ్మను తెచ్చినారు. ఆమె చేతిలోని చీపురును చూచి నవ్వితిమి గాని, ఊరివారికి దినదినము అన్నము పెట్టిన ఆమె యింటికి ఎవరెవరు ఏయే దుఃఖములతో వచ్చి తినిపోయిరో ఎవరును వ్రాయలేదు. జపానులో యారో అబె అను చిత్రకారుడు 2006 నుండి అటువంటిదే వ్రాయుచు వచ్చినాడు. ‘షిన్య షోకుదో’ యనగా నడిరేయి భోజనశాల. అర్ధరాత్రి తెరచి ఉదయము ఏడింటికి మూయుదురు. పట్టికలో నున్న వంటకము ఒక్కటే, మాంసము వేసిన పులుసు. కాని వచ్చినవాడు ఏది కోరినను, సరకులున్నచో యజమాని చేసి పెట్టును. రాత్రి పనివారు, నాటకపువారు, మోసపోయినవారు, మోసగించినవారు వచ్చి, చిన్ననాట తల్లి చేసిన చిన్న వంటకమొకటి అడిగి తిందురు. ఎవడేమి అడిగెనో అదే వాని చరిత్ర. ముఖమున కత్తిగాటు గల ఆ యజమాని చరిత్ర మాత్రము చెప్పరు. నలుని వంటకు దమయంతి చేసిన పరీక్షను ఇచ్చట తలక్రిందు చేసినారు. వండినవానిని కాక తినువానిని వంట పట్టియిచ్చును.

రైల్వే కూడలిలో నివసించు మనకు నవ్వు పుట్టించు కథ యింకొకటి. భోజనపు పొట్లముల దుకాణము గల యొకడు జపాను నలుమూలలు రైలుపై తిరుగుచు, ఏ స్టేషనులో ఏ పొట్లము దొరకునో అది తిని, దాని పుట్టుపూర్వోత్తరములు చెప్పుటయే ఆ కథ. ఒక్కొక్క స్టేషనుకు ఒక్కొక్క పొట్లము, ఆ ఊరి చేప, ఆ ఊరి బియ్యము. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు బయలుదేరిన నాటినుండి కూడలియైన మన నౌపడలో దిగినవానికి, ఇది నౌపడ రుచి యని పొట్లము కట్టి చేతిలో పెట్టగలది యేది? అంగటి పలహారము గాక, మన ఉప్పు, మన ఎండుచేప, మన చోడి అంబలి, తరవాణి, పనసపొట్టు ఆవ ఎన్నడైన ఎక్కడైన బొమ్మగా గాని అక్షరముగా గాని ఎక్కినవా?

వంటను వ్రాయుట కవిత్వమునకు తక్కువ యనువారికి ఆముక్తమాల్యద నొక్కమారు తిరగవేయుడని మనవి. విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనమును రాయలవారు ఋతువు ననుసరించి చెప్పినారు. వేసవిలో నులివెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని మజ్జిగ, చెరకుపాలు, లేతకొబ్బరి నీరు. చలికాలమున మిరియపుపొడి తోడి వేడికూరలు, ఆవ ఘాటు గల పచ్చళ్ళు, కాగిన నేయి, పాలు. వానకాలపు పద్యమున అంతకంటె సూక్ష్మము కలదు. ముసురు పట్టిన నాళ్ళ వండునప్పుడు కన్నులకు పొగ తగులకుండుటకై ఆ యిల్లాలు ఎండిన కొబ్బరిచిప్పలు పొయ్యిలో రగిల్చి వండెనట. సామ్రాజ్యమేలువాడు, ఎన్ని యుద్ధములో చేసినవాడు, వంట చేయు ఇల్లాలి కన్నులలోని పొగను చూచినాడు. విస్తరిని వర్ణించిన కవులు వేలు, పొయ్యిలోనికి తొంగి చూచినవారు అరుదు. జపాను బొమ్మకథకు బలమంతయు ఈ చూపులో నున్నది. వారు కత్తి పట్టు విధము, బియ్యము కడుగు చేయి, ఆవిరి లేచు తీరు గీయుదురు.

ఇట్టి చూపు గల పిల్లలు మన బడిలో లేకపోలేదు. మడిలో ఉప్పును కుప్పగా లాగు పలక పట్టుకొను తీరును, చేపకు ఉప్పు పట్టించు చేతిని గీయగలవారు ఉందురు. గీయుమని అడిగినవారు లేరు. ఏ నెలలో ఏ గాలి వీచిన ఉప్పు సన్నముగా కట్టునో, ఎప్పుడు బరకగా కట్టునో చెప్పువారు నేటికిని మన నడుమ నున్నారు. వారిలో పలువురకు అక్షరములు రావు, మన గ్రంథాలయపు గడపయు తొక్కలేదు. వారి విద్య ఏ బీరువాలోను లేదు.

పాలకవర్గము వారు ఈ రజతోత్సవ వత్సరమున ఖర్చు లేని పని యొకటి చేయవచ్చును. గీతలు గల లావుపాటి పుస్తకమొకటి కుట్టించి చదువు బల్లపై నుంచుట. చదువు వచ్చిన పిల్లవాడు ప్రశ్నించి వ్రాయవలెను, చేయి తిరిగినవారు చెప్పవలెను, బొమ్మ వేయగలవాడు ప్రక్క పుటలో వేయవలెను. ఎవరు చెప్పిరి, ఏ నెల, ఏ సరకు, ఎంత కొలత అని నాలుగు గడులు చాలును. ‘తగినంత’ అను మాటను మాత్రము చేర్చుకొనరాదు, చెప్పినవారి చేతనే తీయించి తూచవలెను. మొదటి పుటలు ఉప్పుమడికి విడుచుట న్యాయము. పిదప పనసపొట్టు ఆవ. ఆవముద్దను పొయ్యి దింపిన తరువాత కలుపవలెనని, లేకున్న చేదెక్కునని అందరును ఒప్పుకొందురు. ఎంత ఆవ అన్నచో ప్రతి యింటికి ఒక పట్టు. ఆ వివాదము తీర్చబూనక, ఏ యింటి కొలత ఆ యింటి పేరనే వ్రాసికొనవచ్చును.